మరిచిపోయానన్న పాస్‌వర్డు

సెప్టెంబర్ 8, 2009, మంగళవారం

ఈ రోజు నుంచి డైరీ లాప్‌టాప్‌లోనే రాయాలని నిశ్చయించాను. ప్రత్యేకించి కారణం లేదు. చేతిరాత పాడైంది, అంతే.

నిన్నటి విషయం ఒకటి నమోదు చేయాలి. గురువారం సన్నీవేల్ సీనియర్ సెంటర్‌కి వస్తున్నారా అని కృష్ణకుమారి గారు మెయిల్ రాశారు. నేను చూసేసరికే దానికి జవాబు వెళ్లిపోయి ఉంది. థాంక్యూ ఆంటీ, ఈ గురువారం నాన్నకి డెంటిస్ట్ ఉంది, రాలేరు అని ఇంగ్లిష్‌లో. నా పేరుతో వెళ్లిన ఉత్తరంలో నన్ను నేనే నాన్న అని పిలుచుకున్నాను.

దేదీప్యని అడిగాను.

"మెయిల్ ఓపెన్ అయ్యుంది నాన్నా. ఆవిడ వెయిట్ చేస్తుంటారని రిప్లై ఇచ్చేశాను. తప్పేంటి?"

"తప్పనలేదు."

"డెంటిస్ట్ ఉందా లేదా?"

"ఉంది."

"మరి?"

మరి ఏమీ లేదు. నా బ్యాంకు, నా ఇన్సూరెన్సు, నా పంటి డాక్టరు అన్నీ నా కూతురే చూస్తుంది. బాగా చూస్తుంది. కృష్ణకుమారి గారికి ఫోన్ చేసి సంజాయిషీ చెప్పుకోబోయాను. "ఫర్వాలేదు లెండి, మీకన్నా మీ అమ్మాయి ఇంగ్లిష్ బాగుంది" అన్నారు. విజయనగరంలో ఫిజిక్స్ లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. మార్కులు వేయడం అలవాటు.

నేను సబ్ ట్రెజరీ ఆఫీసరుగా పనిచేసినన్నాళ్లూ స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర, ఒకటి నగదు చూసే షరాబు దగ్గర. ఫ్రీమాంట్‌లోని ఈ ఇంట్లో లోపల తాళం ఉన్న గది బాత్రూమ్ ఒక్కటే.

సెప్టెంబర్ 12, శనివారం

కీబోర్డు పక్కన సన్నటి పట్టీ ఒకటి ఉంది. దాని మీద వేలు లాగితే లాప్‌టాప్ మనిషిని గుర్తుపట్టి తెరుచుకుంటుందట. దేదీప్య, అల్లుడు శ్రీహర్ష సరుకులకి వెళ్లినప్పుడు కూర్చున్నాను.

కుడి చూపుడు వేలు లాగాను. మళ్లీ ప్రయత్నించమంది. బొటనవేలు. మళ్లీ ప్రయత్నించమంది. సర్వీసంతా సంచులకి వేడి లక్కతో సీళ్లు వేసిన వేళ్లు. గ్రీన్‌కార్డు కోసం వేలిముద్రలు తీసినప్పుడు కూడా ఆ అమ్మాయి నా చేతులు తుడిచి తుడిచి అలిసిపోయింది. ఒక్కొక్క వేలే పెడుతూ పోతే చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పనికొచ్చింది. జన్మలో ఏ పనీ చేయని వేలు అది. గీతలు కొత్తవాటిలా ఉన్నాయి.

ఇక ఈ యంత్రం నాకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు. ఇది హ్యాకర్ల విషయంలో తీసుకున్న జాగ్రత్త.

సెప్టెంబర్ 13, ఆదివారం

"నాన్నా, ఇదేంటి? ఫింగర్ అడుగుతోంది!"

"భద్రత."

"ఎవరి నుంచి?"

"హ్యాకర్ల నుంచి."

"హ్యాకర్లు మన డైనింగ్ టేబుల్ దగ్గరికొస్తారా?"

"సీనియర్ సెంటర్‌లో చెప్పారు."

శ్రీహర్ష సోఫాలో ఫోన్ చూసుకుంటూ దగ్గాడు. దగ్గు కాదేమో.

"సరే, నా ఫింగర్ కూడా యాడ్ చెయ్యి. ఎమర్జెన్సీకి ఉంటుంది" అంది దేదీప్య.

"ఒక్క వేలే పడుతుందట."

అబద్ధం. పది పడతాయి.

సెప్టెంబర్ 17, గురువారం

సన్నీవేల్ వెళ్లివచ్చాను. సీనియర్ సెంటర్‌లో కంప్యూటర్ క్లాసు తరవాత కృష్ణకుమారి గారి ఇంట్లో కాఫీ. ఆవిడ ఒక్కరే సీనియర్ల అపార్ట్‌మెంట్లో ఉంటున్నారు. కొడుకు రాజ్ దగ్గరలోనే ఉంటాడు, ఆదివారాలు వస్తాడు. సాధారణ విషయాలు మాట్లాడుకున్నాం.

"జనవరిలో కింది అంతస్తులో ఒక ఫ్లాట్ ఖాళీ అవుతోంది. మేనేజర్‌ని అడిగి ఉంచాను" అన్నారు.

"ఎవరి కోసం?"

ఆవిడ కప్పు కింద పెట్టారు. "మొద్దు స్టూడెంట్లని చాలామందిని చూశాను ధర్మారావు గారూ. ఇంత నెమ్మది ఎవరికీ లేదు."

నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఇంకాసేపు కూర్చుందామనుకున్నాను కాని కాఫీ అయిపోయింది.

"ఆలోచిస్తాను" అన్నాను.

"ఆలోచించండి. కాని ముందు మీ అమ్మాయికి చెప్పండి. చాటుగా అయితే నాకొద్దు."

చెబుతానన్నాను. ఇందులో చాటు ఏముంది?

సెప్టెంబర్ 20, ఆదివారం

చెప్పలేదు. అందరూ ఇంట్లో ఉన్నారు.

సెప్టెంబర్ 22, మంగళవారం

చెప్పలేదు. ఎవరూ ఇంట్లో లేరు.

సెప్టెంబర్ 24, గురువారం

సన్నీవేల్‌లో "అమ్మాయికి చెప్పారా?" అని కృష్ణకుమారి గారు అడిగారు. "చెప్పినట్టే" అన్నాను. ఆవిడ సంతోషించారు. ఆ మాటకి ఏం అర్థం చెప్పుకున్నారో నేను అడగలేదు.

రాత్రి భోజనాల దగ్గర శ్రీహర్ష ఒక సంగతి చెప్పాడు. "వేలు లాక్ తలుపుకి మాత్రమే మావయ్యా. ఎవరైనా డిస్క్ ఊడదీసి ఇంకో మెషిన్‌లో పెడితే అన్నీ చదివేయొచ్చు. ఎన్‌క్రిప్ట్ చేస్తే లోపలున్నదంతా గజిబిజి అయిపోతుంది. పాస్‌వర్డ్ ఉంటేనే మళ్లీ అక్షరాలవుతాయి."

"పాస్‌వర్డు పోతే?"

"ఇంక ఆ దేవుడు కూడా చదవలేడు."

ఈ వాక్యం నాకు చాలా నచ్చింది. అతనిచేతే చేయించాను. పాస్‌వర్డు కొట్టేటప్పుడు అతను అటు తిరిగి నిలబడ్డాడు. పెద్దమనిషి. మూత వేసి తీస్తే వేలు చాలు. పూర్తిగా ఆగిపోయి మళ్లీ మొదలైతే మాత్రం ముందు పాస్‌వర్డు, ఆ తరవాతే వేలు.

పాస్‌వర్డు ఒక తెలుగు వాక్యం. ఇక్కడ కూడా రాయను.

అక్టోబర్ 3, శనివారం

ఇంట్లో ఎవరూ లేరు. త్వరగా రాయాలి.

సోమవారం ఇండియన్ స్టోర్‌లో గోరుచిక్కుళ్లు ఏరుతూ పడిపోయాను. ఏరడం వరకే నాకు తెలుసు. బీపీ మాత్ర వల్ల రక్తంలో సోడియం తగ్గిపోయిందట. ఉప్పు తగ్గించమని రోజూ దేదీప్య పోరు, ఉప్పు తగ్గిపోయిందని డాక్టరు.

ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి నా కుడి చూపుడు వేలు దేదీప్య చేతిలో ఉంది. దాన్ని లాప్‌టాప్ మీద పెట్టి లాగుతోంది. తరవాత మధ్య వేలు. తరవాత బొటనవేలు.

"ఏం చేస్తున్నావు?"

"నాన్నా! లేచావా? నీ మందుల లిస్ట్ ఇందులోనే ఉంది కదా, డాక్టర్ అడుగుతున్నారు." ఇంతలో బ్యాటరీ అయిపోయి లాప్‌టాప్ ఆరిపోయింది. వైరు తగిలించింది. తెర మీద పాస్‌వర్డు అడిగింది.

మందుల పేర్లు, మోతాదులతో సహా, నోటితోనే చెప్పాను. డాక్టరమ్మ రాసుకుంది. ఏ సంవత్సరం అని అడిగింది, చెప్పాను. ఏ నెల, చెప్పాను. అధ్యక్షుడి పేరు చెప్పాను. ఇంటి అడ్రస్ జిప్ కోడ్‌తో సహా చెప్పాను.

"మరి దీని పాస్‌వర్డ్ ఏంటి నాన్నా?" అంది దేదీప్య. "ఇంకోసారి ఇలా అయితే మా దగ్గర ఏమీ ఉండదు."

న్యాయమైన ప్రశ్నే. అయితే లాప్‌టాప్ ఆమె ఒళ్లో ఉంది. నేను చెబితే ఆమె అక్కడికక్కడే కొడుతుంది. కొడితే తెరుచుకుంటుంది.

"గుర్తులేదు" అన్నాను.

"పోయిన వారమే కదా పెట్టుకున్నావు?"

"గుర్తులేదు."

డాక్టరమ్మ తల ఎత్తింది. ఏదో రాసింది. దేదీప్య లాప్‌టాప్ మూసేసింది. పాత విషయాలన్నీ ఉండి కొత్తవి పోవడం అంటే ఏమిటో దేదీప్యకి ఎవరూ వివరించక్కర్లేదు. నాకూ అక్కర్లేదు.

ఇంటికి పంపేటప్పుడు జ్ఞాపకశక్తి పరీక్షకి స్పెషలిస్టు దగ్గరికి రాసిచ్చారు. ఈ నెల 30న. అంతవరకూ కారు నడపకూడదట. తాళాలు శ్రీహర్ష జేబులోకి వెళ్లాయి.

పెద్ద విషయం కాదు. మెల్లగా గుర్తొచ్చిందని చెబితే సరిపోతుంది.

గరాజ్ తలుపు చప్పుడు.

అక్టోబర్ 5, సోమవారం

దేదీప్య ఇంటి నుంచే పనిచేస్తోంది. ఇప్పుడు వాకింగ్‌కి వెళ్లింది. పావుగంటలో వచ్చేస్తుంది. ఇదివరకు ఎక్కువసేపు నడిచేది.

వంటింటి సొరుగులకి చీటీలు అంటించింది. చెంచాలు. కత్తులు. టీ పొడి. నా గది తలుపుకి 'నాన్న గది'. ఇవే గుండ్రటి అక్షరాలతో ఇంతకుముందొకసారి ఇంకో ఇంట్లో కూడా అంటించింది.

ఒంట్లో బాగాలేదు, కోలుకుంటున్నాను అని కృష్ణకుమారి గారికి మెయిల్ రాశాను. మిగతాది రాయలేదు. రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

అక్టోబర్ 7, బుధవారం

లాప్‌టాప్ తెరుచుకోవడం లేదు కాబట్టి శనివారం దాన్ని ఫార్మాట్ చేసి కొత్తగా ఇస్తానని శ్రీహర్ష అన్నాడు. లోపలున్నవి పోతాయి, కాని ఎలాగూ ఎవరూ చదవలేరు కదా అంది దేదీప్య. నేను తలూపాను. పాస్‌వర్డు మరిచిపోయినవాడు ఇంకేం చేయాలి?

శ్రీహర్ష లాప్‌టాప్ చేతిలోకి తీసుకున్నాడు. అడుగుభాగం మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. అంతకు కొద్దిసేపటి ముందే నేను మూశాను.

"ఏమైంది?" అంది దేదీప్య.

"ఏం లేదు. శనివారం నాకు ఆఫీస్ పని ఉంది. తరవాతెప్పుడైనా చూద్దాం."

దాన్ని మళ్లీ నా బల్ల మీదే పెట్టాడు. నా వైపు చూడలేదు.

అక్టోబర్ 8, గురువారం

గురువారం. వెళ్లలేదు.

అక్టోబర్ 12, సోమవారం

దేదీప్య ఈ రోజు ఆఫీస్‌కి వెళ్లక తప్పలేదు. గంటకోసారి ఫోన్ చేస్తోంది. మధ్యలో రాస్తున్నాను.

నిన్న కృష్ణకుమారి గారు వచ్చారు. నన్ను పలకరించాలని ఇంటికి ఫోన్ చేస్తే దేదీప్య రమ్మందట. గుమ్మం దగ్గర ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. పాస్‌వర్డు అనే మాట నాకు వినిపించింది.

అందరం హాల్లో కూర్చున్నాం. ఆవిడ నన్ను పరిశీలనగా చూశారు. నేను కార్పెట్‌ని చూశాను. టీ వచ్చింది. వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఫ్రీమాంట్‌లో, సన్నీవేల్‌లో ఒకేలా ఉందని తేలింది.

అప్పుడావిడ దేదీప్యతో, చాలా మామూలుగా, "ఆరోగ్యం ఇలా ఉంటే మరి జనవరికి ఆ ఫ్లాట్ సంగతి ఏమనుకుంటున్నారమ్మా? మేనేజర్ అడుగుతున్నాడు" అన్నారు.

"ఏ ఫ్లాట్ ఆంటీ?"

"మా కింది అంతస్తులోది. మీ నాన్నగారికని..." ఆవిడ ఆగి నా వైపు తిరిగారు. "మీరు చెప్పలేదా?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. అవునని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అందరూ ఉన్నారు. అందరూ కూర్చుని ఉన్నారు. టీ కూడా ఉంది.

నేను కృష్ణకుమారి గారి ముఖంలోకి చూసి, "తెలిసిన మనిషిలాగే ఉన్నారు" అన్నాను.

దేదీప్య లేచి వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు. అది చాలాసేపు ఆగలేదు.

కృష్ణకుమారి గారు కప్పు బల్ల మీద పెట్టారు. "ఓహో" అన్నారు. శ్రీహర్షకి చెప్పి వెళ్లిపోయారు.

ఆ మాట నోటికి ఎలా వచ్చిందో తెలియదు.

తెలుసు. అది నా మాట కాదు, సుబ్బులుది. చివరి ఏడాది నా భార్యకి ఎవరూ గుర్తులేరు. దేదీప్య సెలవు పెట్టి ఇక్కడి నుంచి కొవ్వూరు వచ్చింది. గుమ్మంలో సూట్‌కేస్ పట్టుకుని నిలబడితే వాళ్లమ్మ నవ్వుతూ, "తెలిసిన మనిషిలాగే ఉన్నారు. ఎవరమ్మాయి మీరు?" అంది. మర్నాడు దేదీప్య ఇంట్లో సొరుగులన్నిటికీ చీటీలు అంటించింది. ఉపయోగం లేకపోయింది. అప్పటికి సుబ్బులు చదవడం కూడా మరిచిపోయింది.

ఫోన్ మోగుతోంది.

అక్టోబర్ 13, మంగళవారం

కృష్ణకుమారి గారి మెయిల్.

"ధర్మారావు గారూ, మీ మెయిల్ ఆ లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరవడం మీకు రాదు. కనుక ఇది చదువుతున్నారంటే మీకు పాస్‌వర్డు గుర్తున్నట్టే. జవాబు రాయకండి."

తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. లెక్క సరిగ్గా ఉంది.

అక్టోబర్ 15, గురువారం

నిన్నటిది వరసగా రాస్తాను.

దేదీప్య ఆఫీస్‌కి వెళ్లగానే బయల్దేరాను. కారు లేదు కాబట్టి బస్సు, రైలు, మళ్లీ బస్సు. ఫోన్ ఇంట్లో మరిచిపోయాను. ఇది మాత్రం నిజంగానే మరిచిపోయాను.

కృష్ణకుమారి గారు తలుపు గొలుసు తీయకుండా సందులోంచి చూశారు.

"ఎవరు కావాలండీ?"

"మీరే."

"నేను మీకు తెలుసా?"

"తెలుసు. కృష్ణకుమారి గారు. ఆదివారం కూడా తెలుసు."

తలుపు వేసేశారు. గొలుసు తీయడానికి వేశారని కాసేపటికి అర్థమైంది. లోపలికి రమ్మన్నారు. మంచినీళ్లిచ్చారు. కాఫీ మాట ఎత్తలేదు. నేను జరిగిందంతా చెప్పాను. మెయిల్‌తో మొదలుపెట్టి సుబ్బులు మాట దాకా చెప్పాను. సుబ్బులు సంగతి ఆవిడకి అంతవరకూ తెలియదు.

అంతా విని అన్నారు: "నన్ను ఎరగనట్టు కూర్చున్నారు, సరే. నేను పైమనిషిని, తట్టుకుంటాను. ఆ పిల్ల ముఖం చూశారా మీరు?"

"చూశాను."

"చూసి కూడా ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను."

"మరి ముందు నా దగ్గరికెందుకొచ్చారు?"

ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. దేదీప్య. స్పీకర్ పెట్టకపోయినా గొంతు గదంతా వినిపించింది. నాన్న ఇంట్లో లేడు ఆంటీ, ఫోన్ ఎత్తకపోతే ఇంటికొచ్చాను, ఫోన్ ఇక్కడే ఉంది, పోలీసులకి చెప్పాం, వీధులన్నీ తిరుగుతున్నాం, మీకేమైనా...

"ఇక్కడే ఉన్నారమ్మా" అన్నారు కృష్ణకుమారి గారు. "లేదు, దారి తప్పలేదు. ఇక్కడికి రావాలనే వచ్చారు. నువ్వు నెమ్మదిగా డ్రైవ్ చేసుకుంటూ రా."

దేదీప్య నెమ్మదిగా వచ్చినట్టు లేదు. మెడలో ఆఫీస్ బ్యాడ్జి అలాగే ఉంది. వస్తూనే నా కాళ్ల దగ్గర కూలబడి నా చేతులు, మోకాళ్లు తడిమి చూసింది. ఎక్కడైనా పడ్డానేమోనని. తరవాత నా ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి, చిన్నపిల్లాడితో అన్నట్టు, "నాన్నా, నేనెవరో తెలుస్తోందా?" అంది.

"దేదీప్యవి. నాకు అన్నీ తెలుసమ్మా. పాస్‌వర్డు కూడా తెలుసు. మొదటి నుంచీ తెలుసు."

ఆమె నా చేతులు వదల్లేదు. "హాస్పిటల్‌లో?"

"తెలుసు."

"మొన్న... అమ్మ మాట అన్నప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

చేతులు వదిలేసింది. అక్కడే నేల మీద కూర్చుంది.

"లంచ్ టైమ్‌లో ఆఫీస్ పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని ఏడుస్తున్నాను నాన్నా, వెళ్లిన ప్రతిరోజూ. మెమరీ కేర్ హోమ్స్ చూసొచ్చాను. అక్కడ వాళ్లు డోర్స్‌కి కోడ్ పెడతారు, లోపలివాళ్లు బయటికి పోకుండా. ఆ కోడ్ చూసి ఇంక లోపలికి వెళ్లలేకపోయాను. ఎందుకు చేశావు ఇలా?"

"నా మెయిల్ నువ్వు చదివావు."

ఆ గదిలో ఆ మాట చాలా చిన్నగా వినిపించింది.

"చదివితే అరవొచ్చు కదా! ముట్టుకోవద్దు అనొచ్చు కదా! నా మీద ఎప్పుడూ అరవలేదా నువ్వు?"

"అప్పుడు నువ్వు నా ఇంట్లో ఉండేదానివి."

ఇది నేను చెప్పాలనుకున్న మాట కాదు. కాని బయటికి వచ్చాక అదే నిజమని తెలిసింది. ఇంకొంచెం చెప్పాను. "నువ్వు నన్ను చూసుకుంటున్నావు. బాగా చూసుకుంటున్నావు. అలా చూసుకునేవాళ్లతో ఇది మాత్రం వద్దమ్మా అని ఎలా అనాలో నాకు తెలియలేదు. దానికన్నా మతి పోయిందనడమే తేలికైంది. తప్పు చేశాను. నీ విషయంలో చాలా పెద్ద తప్పు చేశాను."

కృష్ణకుమారి గారు లేచి కాఫీ కలిపారు. ఒకే కప్పు. దేదీప్యకి ఇచ్చి, పక్కన నేల మీదే కూర్చుని, అది తాగేదాకా ఆమె వీపు నిమురుతూ ఉండిపోయారు.

తిరుగు ప్రయాణంలో కార్‌లో, "పాస్‌వర్డు చెబుతాను, రాసుకో" అన్నాను.

"వద్దు."

"ఎమర్జెన్సీకి..."

"వద్దన్నాను కదా నాన్నా. నాకొద్దు."

అక్టోబర్ 17, శనివారం

దేదీప్య మాట్లాడటం లేదు. సొరుగుల మీద చీటీలు పీకేసింది. జిగురు మరకలు మిగిలాయి. నేను గోరువెచ్చటి నీళ్లతో తుడిచాను. 'నాన్న గది' మాత్రం ఉంచింది, మరిచిపోయిందో, ఉంచిందో.

అక్టోబర్ 18, ఆదివారం

మాట్లాడలేదు. పండగ సామాన్లు సర్దుతూ శ్రీహర్షతో రెండుసార్లు నవ్వింది.

అక్టోబర్ 20, మంగళవారం

శ్రీహర్షని అడిగాను, నీకు ఎప్పటి నుంచి తెలుసని.

"ల్యాప్‌టాప్ వెచ్చగా ఉంది కదా మావయ్యా, ఆ రోజు నుంచి."

"మరి దేదీప్యకి ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారనుకున్నా. నేను కూడా తప్పే చేశాను. తను నాతో కూడా రెండు రోజులు మాట్లాడలేదు" అన్నాడు.

అక్టోబర్ 22, గురువారం

కృష్ణకుమారి గారి నుంచి మెయిల్ లేదు. నేనూ రాయలేదు. జవాబు రాయవద్దన్న ఆజ్ఞ ఇంకా అమల్లో ఉన్నదీ లేనిదీ తెలియదు.

అక్టోబర్ 24, శనివారం

మందుల పేర్లు, డాక్టర్ల నంబర్లు ప్రింటు తీసి దేదీప్యకి ఇచ్చాను. ఆమె చదివింది.

"పాత బీపీ ట్యాబ్లెట్ ఇంకా ఉంది ఇందులో. అది మాన్పించారు కదా."

పది రోజుల తరవాత నాతో అన్న మొదటి మాట. కొట్టేసి మళ్లీ ప్రింటు తీసి ఇచ్చాను.

ఆ కాగితం మడతపెడుతూ అడిగింది. "ఫ్లాట్ నిజమేనా?"

"నిజమే."

"పెళ్లా?"

"కాదు. ఆవిడ పై అంతస్తులో, నేను కింది అంతస్తులో."

"అమ్మ పోయి నాలుగేళ్లు కాలేదు నాన్నా."

"అవును."

"నేను ఇక్కడ నిన్ను బాగా చూసుకోవట్లేదా?"

"చూసుకుంటున్నావు."

"మరి?"

ఈసారి మరి ఏమీ లేదని అనలేదు. "ఇక్కడ నేను నాన్నని. అక్కడ ధర్మారావుని. నాకు రెండూ కావాలి" అన్నాను. చెబుతుంటే సిగ్గేసింది. చెప్పాను.

దేదీప్య కిటికీలోంచి చూస్తూ నిలబడింది. "నాకు టైమ్ కావాలి" అంది.

"జనవరిలో."

"జనవరి దాకా పడుతుందో, తరవాత కూడా పడుతుందో నాకు తెలీదు."

సరేనన్నాను.

అక్టోబర్ 30, శుక్రవారం

మౌంటెన్ వ్యూలో స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాం. అపాయింట్‌మెంట్ రద్దు చేద్దామంటే దేదీప్య ఒప్పుకోలేదు. సోడియం తగ్గిన మనిషివి, చూపించుకోవాల్సిందే అంది. గడియారం బొమ్మ వేయించారు. మాటలు చెప్పి కాసేపయ్యాక తిరిగి చెప్పమన్నారు. వెనక్కి లెక్కపెట్టించారు. అన్నీ చేశాను. చేయకపోతే ఎలా ఉంటుందో అన్న ఆలోచన ఈసారి రాలేదు.

డాక్టరు కాగితాలు చూసి దేదీప్యని అడిగాడు, ఇంట్లో జ్ఞాపకశక్తికి సంబంధించి ఏమైనా గమనించారా అని.

"మెమరీ బాగానే ఉంది డాక్టర్. అబద్ధాలు ఆడతారు" అంది దేదీప్య.

"అది నా స్పెషాలిటీ కిందికి రాదు" అన్నాడాయన. కారు నడపవచ్చని రాసిచ్చాడు.

పార్కింగ్‌లో దేదీప్య బ్యాగులోంచి తాళాలు తీసింది. నా చేతికిచ్చి అవతలివైపు కూర్చుంది.

"నువ్వే డ్రైవ్ చెయ్యి. చూస్తాను."

చాలా రోజులైంది. అద్దాలు సరిచేసుకున్నాను. 237 హైవే మీదికి ఎక్కాక కుడి లేన్‌లో నెమ్మదిగా పోతున్నాను. దేదీప్య బ్రేకులు తన కాళ్ల కింద ఉన్నట్టు మధ్యమధ్యలో పాదం నొక్కుతోంది. కొంత దూరం పోయాక ఆ పాదం కూడా ఆగింది.

"మాటిల్డా ఎగ్జిట్ వస్తోంది నాన్నా."

"మనం ఫ్రీమాంట్ పోవాలి. తిన్నగా."

"తెలుసు. సన్నీవేల్‌లో దిగు."

"ఆవిడ రమ్మనలేదు" అన్నాను.

"నిన్న నేను ఫోన్ చేశాను. ఇంట్లోనే ఉంటానన్నారు."

చాలాసేపు మాట్లాడారా అని అడిగాను. అవునంది. ఏమన్నారు అని అడిగాను.

"అది నేనూ ఆంటీ మాట్లాడుకున్నది. నీకు చెప్పను."

మళ్లీ అడగలేదు. ఇండికేటర్ వేశాను.